బస్తీ ఆరోగ్య అవసరాల అంచనా: బెంగళూరు తెలుగు నర్సులు తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరు పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో మా తెలుగు నర్సులు చాలామందే ఉన్నారు. హిందూపురం, మదనపల్లె, చిత్తూరు, కోలారు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డవాళ్ళం. మేం తిరిగే వీధుల్లోనూ తెలుగువాళ్ళకు కొదవ లేదు. తరాల కిందట వచ్చి ఈ నగరాన్ని ఊడుస్తున్న పౌరకార్మికులు ఉన్నారు. అనంతపురం, కర్నూలు, పాలమూరు నుంచి కట్టడాల పనికి వచ్చే కుటుంబాలు ఉన్నాయి. కొత్తగా చేరిన పిల్లలు ట్రైనింగులో, ఫోనులో నన్ను అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను.

అవసరాల అంచనా అంటే ఇంటింటి సర్వేయేనా?

సర్వే అందులో ఒక ముక్క. మన ప్రాంతంలో ఎవరెవరున్నారు, వాళ్ళని ఏం బాధిస్తోంది, ఇప్పుడు ఏం అందుతోంది, ఏం అందడం లేదు, అందకుండా అడ్డుపడుతున్నది ఏమిటి, ముందు ఏ పని పట్టుకోవాలి అన్నవి అక్కడివాళ్ళతో కలిసి తేల్చుకోవాలి. పనిలోకి దిగాలి. కొన్నాళ్ళకు మళ్ళీ వెళ్ళి చూసుకోవాలి. ఇదంతా కలిపితేనే అంచనా. బీపీలు కొలిచి, ఫారాలు నింపి, కంప్యూటర్లో ఎక్కించేస్తే లెక్క రాయడం వరకే అయినట్టు.

అవసరం అనే మాటను బ్రిటన్‌కు చెందిన జొనాథన్ బ్రాడ్‌షా 1972లో నాలుగుగా విడదీశాడు. నర్సింగ్ కాలేజీలో బట్టీపట్టి పరీక్ష అవగానే మరిచిపోతాం కానీ, వీధిలో నిలబడ్డప్పుడు ఇది బాగా పనికొస్తుంది. నిపుణులు ఉండాలని చెప్పేది మొదటిది, గర్భిణికి కనీసం నాలుగు చెకప్‌లు లాంటివి. మనిషికి లోలోపల అనిపించేది రెండోది. అనిపించి, గడప దాటి వచ్చి మనల్ని అడిగేది మూడోది. పక్క వీధికి ఉండి ఈ వీధికి లేనిది నాలుగోది. ఓపీ రిజిస్టరులో మనకు కనిపించేది మూడోది ఒక్కటే. దాన్ని మాత్రమే చూసి ప్లాను రాస్తే, కేంద్రం దాకా రాలేనివాళ్ళు ఆ ప్లానులో ఉండరు.

టార్గెట్లు పైనుంచే వస్తాయి కదా, మేం అంచనా వేసి ఏం లాభం?

ఈ ప్రశ్న వెనుక ఉన్న విసుగు నాకు తెలుసు. అందుకే కాస్త పాత సంగతి చెప్తాను. ఏఎన్ఎంకు, అంటే ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కేంద్రం నర్సుకు, ఇన్ని కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు అని టార్గెట్ వేసే పద్ధతిని 1996 ఏప్రిల్‌లో దేశమంతటా ఎత్తేశారు. మరుసటి ఏడు ఆ కొత్త పద్ధతికి సముదాయ అవసరాల అంచనా పద్ధతి అని పేరు పెట్టారు. ఏఎన్ఎం తన జనంతో మాట్లాడి రాసిన ప్లాను కిందినుంచి పైకి పోవాలన్నది దాని ఉద్దేశం. కాలక్రమంలో చాలాచోట్ల ఫారాలు మిగిలాయి, మాట్లాడటం జారిపోయింది. కానీ అడిగి తెలుసుకోవడం మన ఉద్యోగంలో భాగమేనని అప్పుడే ఒప్పుకున్నారు.

ఇంకో సంగతి బెంగళూరుదే. 1959లో ఇక్కడ జాతీయ క్షయ సంస్థ మొదలైంది. అక్కడ పనిచేసిన దేవబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ తుమకూరు జిల్లాలో టీబీ రోగుల ఇళ్ళకు పోయి, మీకు జబ్బు ఉన్నట్టు తెలుసా, తెలిస్తే ఏం చేశారు అని అడిగించారు. 1963లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. పల్లె జనానికి అవగాహన లేదు, అందుకే ఆసుపత్రికి రారు అని అందరూ అనుకుంటున్న రోజులవి. తీరా చూస్తే దాదాపు అందరికీ తమ లక్షణాలు తెలుసు. సగానికి పైగా మంది అప్పటికే వైద్యం కోసం తిరిగారు. ఆసుపత్రులే వాళ్ళ టీబీని పట్టుకోకుండా దగ్గు మందు ఇచ్చి పంపాయి. లోపం జనంలో ఉందని తేల్చే ముందు ఒకసారి వాళ్ళను అడగాలని నేను నేర్చుకున్నది ఈ కథ నుంచే. ఇప్పటికీ ఎవరైనా "వీళ్ళకు అవేర్‌నెస్ లేదండీ" అంటే, నాకు ముందు తుమకూరే గుర్తొస్తుంది.

ఇది ఎవరి పని? ఒక్క నర్సు ఎంతమందిని చూడగలదు?

2013లో వచ్చిన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ ప్రకారం సుమారు 50,000 మందికి ఒక పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 10,000 మందికి ఒక ఏఎన్ఎం, వెయ్యి నుంచి 2,500 మందికి ఒక ఆశా (బస్తీ ఆరోగ్య కార్యకర్త) ఉండాలి. 50 నుంచి 100 ఇళ్ళకు ఒక మహిళా ఆరోగ్య సమితి. పబ్లిక్ హెల్త్ నర్సు వీళ్ళందరినీ కలిపి నడిపించే మనిషి. ఒంటరిగా అన్ని ఇళ్ళూ తిరగమని ఎవరూ అనలేదు, అది అయ్యే పని కూడా కాదు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

వీధిలోకి వెళ్ళే ముందు ఒక పూట మీ రిజిస్టర్లతో కూర్చోండి. ఉండాల్సిన సంఖ్యకూ ఉన్న సంఖ్యకూ తేడా చూడండి.

మీ ఏరియా జనాభా 10,000 అనుకుందాం. జనన రేటు వెయ్యికి 16 అనుకుంటే ఏడాదికి 160 కాన్పులు. నిలవని గర్భాల కోసం పది శాతం కలిపితే 176. గర్భం తొమ్మిది నెలలే కాబట్టి, నమోదు కాస్త ఆలస్యంగా అవుతుంది కాబట్టి, ఏ రోజు చూసినా అందులో దాదాపు సగం, అంటే 88 మంది గర్భిణులు మీ పుస్తకంలో కనిపించాలి. 50 మందే ఉంటే తక్కిన 38 మంది ఎక్కడ? కొందరు తొలి కాన్పుకు పుట్టింటికి పోయి ఉంటారు. కొందరు ప్రైవేటు డాక్టరు దగ్గర చూపించుకుంటూ ఉంటారు. ఊళ్ళో ఇచ్చిన కార్డు ట్రంకుపెట్టెలో పెట్టుకుని, ఇక్కడ తాయి కార్డు (కర్ణాటకలో గర్భిణులకిచ్చే కార్డు) తీసుకోవాలని తెలియక, షెడ్డులోనే ఉండిపోయినవాళ్ళు ఇంకొందరు. మీ అంచనా ఆ 38 మందితో మొదలవ్వాలి. ఒక మాట గుర్తుంచుకోండి. వలస వచ్చినవాళ్ళలో పడుచు జంటలే ఎక్కువ కాబట్టి, అలాంటి చోట అసలు సంఖ్య ఈ లెక్కకన్నా పెరగొచ్చు.

తర్వాత నడక. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, అదే దారిలో. కుళాయి ఎక్కడుంది, ట్యాంకర్ ఎక్కడ ఆగుతుంది, మురుగు ఎటు పోతుంది, మందుల షాపు ఎన్ని అడుగుల్లో ఉంది, అంగన్‌వాడీకి పోవాలంటే పిల్లలు దాటాల్సిన రోడ్డు ఎంత పెద్దది. బడ్జెట్ అక్కర్లేని పని ఇది, అయినా చాలామంది వదిలేస్తారు.

హద్దుల సంగతి కూడా చూసుకోండి. 2025 సెప్టెంబరులో పాత మహానగర పాలికె స్థానంలో ఐదు నగర పాలికెలు వచ్చాయి. వార్డుల పేర్లు, గీతలు మారాయి. పాత మ్యాపు పట్టుకుని వెళ్తే రెండు వార్డుల మధ్య ఉన్న వీధిని, అది మీదే అని పక్క వార్డువాళ్ళూ, వాళ్ళదే అని మీరూ వదిలేసే ప్రమాదం ఉంది.

పుస్తకంలో లేని జనాన్ని ఎలా పట్టుకోవాలి?

మిగతా ప్రశ్నలన్నిటికన్నా నేను ఎక్కువసేపు మాట్లాడేది దీని గురించే.

కట్టడాల షెడ్లలో ఉండేవాళ్ళకు ఇక్కడి ఓటు ఉండదు, రేషను కార్డు ఊళ్ళో ఉంటుంది, ఆరు నెలలకు సైటు మారుతుంది. ఆశా సర్వే చేసిన నెలలో వాళ్ళు ఆ వీధిలో లేరు. మేస్త్రీ అనుమతి లేకుండా గేటు లోపలికి పోలేం. పోయినా, మేస్త్రీ పక్కన నిలబడి ఉంటే ఎవరూ నోరు విప్పరు. అందుకే మొదటిసారి వెళ్ళినప్పుడు ప్రశ్నలు వద్దు. చిన్నపిల్లల టీకాల పేరుతో వెళ్ళండి. పిల్లల టీకాకు ఏ మేస్త్రీ అడ్డు చెప్పగా నేను చూడలేదు. రెండోసారికి ఆడవాళ్ళు మిమ్మల్ని గుర్తుపడతారు. మూడోసారి మాట మొదలవుతుంది.

సర్జాపుర రోడ్డు వైపు ఒక సైటులో జరిగింది చెప్తాను. మేం రక్తహీనత పరీక్షలకని వెళ్ళాం. కళ్యాణదుర్గం, మడకశిర వైపు ఆడవాళ్ళు. ఒకరి తర్వాత ఒకరు ఒంటేలికి పోతే మంట అంటున్నారు. నేను మందు రాయించి, నీళ్ళు బాగా తాగమ్మా అని ప్రతి చీటీ మీదా రాశాను. రెండు వారాల తర్వాత మళ్ళీ అవే ముఖాలు, అదే మంట. నీళ్ళు తాగలేదా అని గట్టిగానే అడిగాను. ఒకామె తలొంచుకుని అంది: "నీళ్ళు తాగితే మళ్ళ యాడికి పోవల్ల మేడం?"

ఆమెతో కలిసి వెళ్ళి చూశాను. అన్ని కుటుంబాలకూ ఉన్నవి రెండే మరుగుదొడ్లు. మగవాళ్ళు పేకాడే చోటు పక్కనే. ఒకదానికి గడియ లేదు, దేనికీ లైటు లేదు. తెల్లారి పనికి పోయినప్పటినుంచి చీకటి పడేదాకా ఆ ఆడవాళ్ళు గుక్కెడు నీళ్ళు కూడా లెక్కపెట్టుకుని తాగుతున్నారు. గర్భిణులు కూడా. నా సలహా వైద్యపరంగా సరైనదే, ఆ చోటుకు మాత్రం పనికిరానిది. ఆ రోజు మా పుస్తకంలో అవసరం అన్న చోట మూత్ర ఇన్ఫెక్షన్ అని రాసింది కొట్టేసి, ఆడవాళ్ళకు విడిగా, గడియా లైటూ ఉన్న మరుగుదొడ్డి అని రాశాం.

మరుగుదొడ్డి, నీళ్ళు, కూలి మన చేతిలో లేవు. బయటపడ్డాక ఏం చేయాలి?

మన చేతిలో కాగితం ఉంది. అప్పట్లో అమల్లో ఉన్న 1996 నాటి భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం ప్రకారం సైటులో తాగునీళ్ళు, సరిపడా మరుగుదొడ్లు యజమాని ఇవ్వాల్సి ఉండేది. యాభై మందికి మించి ఆడకూలీలు ఉంటే పిల్లలకు శిశువిహారం పెట్టాల్సి ఉండేది. 2025 నవంబరులో దాని స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది, కాబట్టి రాసే ముందు ఇప్పటి నిబంధన చూసుకోండి. పైన చెప్పిన సైటు విషయంలో మేం ఫిర్యాదు భాష వాడలేదు. ఎంతమందిని చూశాం, ఎంతమందికి మంట ఉంది, మరుగుదొడ్లు ఎన్ని, చట్టం ఏమంటోంది అని ఒక పేజీ రాసి, మెడికల్ ఆఫీసర్ సంతకంతో సైటు మేనేజరుకు ఇచ్చాం, కాపీ కార్మిక శాఖకు పంపాం. నెలన్నరకు ఆడవాళ్ళ వైపు రెండు కొత్తవి కట్టారు, గడియలతో, బల్బులతో.

ప్రతిసారీ ఇలా జరగదు. జరగనప్పుడు కూడా ఆ పేజీ ఫైల్లో ఉండాలి. తర్వాత వచ్చే నర్సు మొదటినుంచి మొదలుపెట్టకూడదు.

ఏ భాషలో అడగాలి? ఫారం కన్నడంలో ఉంది, మనిషి తెలుగు.

ఫారం ఏ భాషలో ఉన్నా ప్రశ్న వాళ్ళ ఇంటి భాషలో ఉండాలి. తెలుగు వచ్చు కాబట్టి మనకు సులువని మాత్రం అనుకోకండి. మన పుస్తకాల తెలుగు కూడా వాళ్ళకు పరాయిదే. "మీకు శ్వేతస్రావం ఉందా" అంటే లేదంటారు, "తెల్లబట్ట అవుతోందా అమ్మా" అంటే చెప్తారు. రక్తహీనత కన్నా రక్తం తక్కువ, కఫం కన్నా కళ్లె త్వరగా అందుతాయి. తట్టు అంటే ఒక జిల్లావాళ్ళకు ఒక జబ్బు, ఇంకో జిల్లావాళ్ళకు ఇంకోటి. కాబట్టి ఒంటి మీద ఎలా వచ్చింది, జ్వరం ముందా దద్దురు ముందా అని విడమరిచి అడగాలి.

పౌరకార్మికుల కాలనీల్లో ఇంకో రకం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, ముసలమ్మల మాటల్లో రెండూ కలిసిపోయి ఉంటాయి. బాలింతను బాణంతి అంటారు. సరిదిద్దకండి, మీరూ అదే అనండి. పెద్దవాళ్ళను పెద్దమ్మా, పెద్దయ్యా అని పిలిస్తే చాలు, "పేషెంటు పేరు" అని మొదలుపెట్టకండి. తెలుగు అసలు రాని సహోద్యోగి వెళ్తుంటే, ఇంట్లో బడికి పోయే పాపను దుబాసీగా పెట్టుకోవద్దని చెప్పండి. తల్లి తన గర్భస్రావం గురించి పదేళ్ళ పిల్ల నోటితో చెప్పించలేదు.

వేళ కూడా భాషలాంటిదే. పౌరకార్మికులు తెల్లవారుజామునే పనికి పోతారు. పదింటికి తలుపు తట్టి "తాళం" అని రాసుకుంటే ఆ వీధి మొత్తం మన లెక్కలో ఖాళీ అవుతుంది. మధ్యాహ్నం మూడు తర్వాత వెళ్ళండి. షెడ్లకు బటవాడా రోజు సాయంత్రం వద్దు, ఆదివారం పొద్దున మంచిది.

ఆశాలు సీబ్యాక్ (కమ్యూనిటీ బేస్డ్ అసెస్‌మెంట్ చెక్‌లిస్ట్) ఫారం నింపుతున్నారు కదా, అది చాలదా?

ఆ ఫారం మంచిదే. ముప్పై ఏళ్ళు దాటినవాళ్ళ వయసు, పొగాకు, మద్యం, నడుము కొలత, వ్యాయామం, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగరు ఉన్నాయా అని అడిగి మార్కులు వేస్తుంది. నాలుగు దాటితే ముందుగా పరీక్షకు పంపాలి. వంటచెరకు, పనిలో పొగ, దుమ్ము గురించీ, మనసు బాగుందా లేదా అన్నదాని గురించీ కూడా అడుగుతుంది. అయితే అది ఒక్కో మనిషి రిస్కును చెప్పే కాగితం. వీధికి నీళ్ళు ఎన్నాళ్ళకోసారి వస్తాయో, అర్ధరాత్రి నొప్పులొస్తే ఆటో దొరుకుతుందో లేదో అందులో లేదు. పైగా టేపు లేకుండా నడుము కొలత ఊహించి రాస్తే మార్కు మొత్తం తప్పుతుంది. ఆశాలకు టేపులు ఉన్నాయో లేదో ముందు చూడండి.

జనంతో కూర్చుని మాట్లాడటం ఎలా? పిలిస్తే నలుగురే వస్తారు.

నలుగురు వచ్చినా మొదలుపెట్టండి. మహిళా ఆరోగ్య సమితి ఉంటే వాళ్ళతో, లేకపోతే కుళాయి దగ్గర.

నాకు బాగా పనికొచ్చింది ముగ్గుపిండి. నేల మీద వీధి పటం వాళ్ళనే గీయమంటాను. చదువురాతలు రానివాళ్ళకూ ముగ్గులో చేయి తిరిగే ఉంటుంది. ఇళ్ళు, గుడి, కుళాయి, బ్రాందీ షాపు గీస్తారు. చీకటి సందు ఏది, నడవలేని ముసలివాళ్ళు ఎక్కడ, మానసికంగా బాగాలేని మనిషి ఏ ఇంట్లో ఉన్నాడు అన్నవి మీరు అడక్కుండానే వస్తాయి. ఒకామె ఇల్లు గీయడం ఇంకొకామె మరిచిపోతే గొడవపడతారు, ఆ గొడవలోనే మన సర్వేలో లేని ఇల్లు దొరుకుతుంది. ఆ తర్వాత తలా మూడు చింతగింజలు ఇచ్చి, ఏ సమస్య మీద పెడతారో పెట్టమంటాను. మగవాళ్ళకు, ఆడవాళ్ళకు విడివిడిగా. రెండు కుప్పలూ ఎప్పుడూ ఒకేలా ఉండవు.

అన్నీ ముఖ్యమే అంటారు. దేన్ని ముందు పట్టుకోవాలి?

హాన్లన్ పద్ధతి చాలాచోట్ల వాడతారు. సమస్య ఎంతమందికి ఉంది, ఎంత తీవ్రం, మనం చేసే పని ఎంత ఫలిస్తుంది అని మూడింటికి పదేసి మార్కులు. తీవ్రతను రెట్టింపు చేసి, మొదటిదానికి కలిపి, మొత్తాన్ని మూడోదానితో హెచ్చవేయాలి. డెంగీ దోమలకు 7, 6, 8 వేశారనుకోండి: 7కు 12 కలిపితే 19, ఎనిమిది రెట్లు 152. తాగుడుకు 8, 8, 3 వేస్తే 24 మూళ్ళు 72.

లెక్క ప్రకారం డెంగీ గెలిచింది. కానీ ఆడవాళ్ళ చింతగింజలన్నీ తాగుడు మీదే ఉంటాయి. ఇక్కడ నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను: వాళ్ళు మొదట చెప్పిన సమస్యను ప్లానులోంచి ఎప్పుడూ తీసేయకండి. మనం మొత్తం తీర్చలేకపోవచ్చు. మానేయాలనుకునే ఒక్క మనిషినైనా నిమ్హాన్స్ (బెంగళూరు మానసిక ఆరోగ్య ఆసుపత్రి) వ్యసన చికిత్స విభాగానికి తోడువెళ్ళి చూపించవచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు తెలుగులో మాట్లాడవచ్చని గోడ మీద రాయించవచ్చు. ఆ చిన్న పని చేస్తే, డెంగీ గురించి మీరు చెప్పేది కూడా వింటారు.

డెంగీలో కూడా అడగడం తప్పదు. 2024 వేసవిలో నగరం నీళ్ళకు అల్లాడింది, ఆ ఏడే సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం డెంగీని అంటువ్యాధిగా ప్రకటించింది. ఈడిస్ దోమ గుడ్డు పెద్దదోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అందుకే వారానికోసారి డ్రమ్ము ఖాళీ చేసి తోమమంటాం. ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియని ఇల్లాలు ఉన్న నీళ్ళు పారబోస్తుందా? పారబోయదు, నేనైనా పారబోయను. పాత నూలు చీర రెండు మడతలు వేసి, డ్రమ్ము మూతికి తాడుతో బిగించి కట్టడం ఆమె చేయగలిగిన పని. కొత్త నీళ్ళు పట్టే ముందు, డ్రమ్ము ఖాళీగా ఉన్న ఆ కాసేపట్లో, లోపలి అంచులు బ్రష్షుతో తోమమనాలి, గుడ్లు అతుక్కునేది అక్కడే. ట్యాంకరు వచ్చే రోజు తెలిస్తే ఆశాను ఆ రోజే పంపండి.

గుట్టు విషయాలు చెప్తే ఎలా రాసుకోవాలి?

పేరు, ఇల్లు ఒక చోట, జబ్బు వివరం ఇంకో చోట. హెచ్ఐవీ ఉన్న మనిషి సంగతి వాళ్ళ అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017 హెచ్ఐవీ చట్టం చెప్తోంది. ఫారం ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టే అలవాటు చాలా కేంద్రాల్లో ఉంది, దయచేసి మానండి. ముగ్గు పటాన్ని ఫోటో తీసే ముందు రోగుల ఇళ్ళ గుర్తులు చెరిపేయండి. ఇంట్లో కొట్టుడు ఉందని ఎవరైనా చెప్తే అక్కడే సలహాలు మొదలుపెట్టకండి. భర్త వినని చోటికి పిలిచి మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరు చెప్పండి. ఆమె రాసుకోలేకపోతే బట్టీ వేయించండి, కాగితం దొరికితే ఆమెకే ముప్పు.

మా అంచనా పనిచేసిందని ఎలా తెలుస్తుంది?

మొదట్లోనే కొలత పెట్టుకోండి. సర్జాపుర సైటులో ఆరు నెలలకు సగం కుటుంబాలు మారిపోయాయి, మంట తగ్గిందా అని పోల్చడానికి అదే మనుషులు లేరు. అందుకని గడియ ఉన్న మరుగుదొడ్లు ఎన్ని, నలభై మందికి ఒకటైనా పడుతోందా అన్నదే కొలతగా ఉంచుకున్నాం. గర్భిణుల విషయంలో ఉండాల్సిన సంఖ్యకూ ఉన్న సంఖ్యకూ తేడా ఎంత తగ్గిందో చూడండి. టీకాల్లో మొదటి డోసు వేయించుకుని ఆఖరిది వదిలేసినవాళ్ళు ఎందరో చూడండి.

ఇంకా ముఖ్యంగా, ఫలితం వాళ్ళకు వెళ్ళి చెప్పండి. అడిగి రాసుకుని పోయినవాళ్ళను బస్తీ చాలామందిని చూసింది, తిరిగొచ్చి "మీరు చెప్పింది ఇది, మేం చేసింది ఇంత, కానిది ఇది" అన్నవాళ్ళను చూసింది తక్కువ. కానిదాన్ని దాచకుండా చెప్తే కోప్పడతారేమో అని భయపడేదాన్ని. ఒక కాలనీలో పెద్దమ్మ ఒకావిడ "అయ్యేదాకా అడుగు తల్లీ, మేమూ వస్తాం" అని, నాతోపాటు వార్డు ఆఫీసుకు వచ్చి కూర్చుంది.

ఎన్నాళ్ళకోసారి చేయాలి?

స్థిరమైన కాలనీలకు ఏడాదికోసారి, వానలకు ముందు అయితే మంచిది. షెడ్లకు మూడు నెలలకోసారి. కొత్త షెడ్లు పడేది ఎవరూ మనకు చెప్పరు కాబట్టి, డ్యూటీకి వచ్చే దారిలో ఎక్కడైనా లారీలోంచి రేకులు దించుతుంటే బస్సు దిగి, మేస్త్రీ నంబరు రాసుకుని, చిన్నపిల్లలు ఎందరు వస్తున్నారో అడిగి రండి.